నోళ్లు మూతపడ్డాక వచ్చిన తీర్పు

కొత్త నిబంధనలో పౌలు రాసిన రోమా పత్రికను చాలామంది సిద్ధాంతం కోసం చదువుతారు. మనిషి దేవుడి ముందు నీతిమంతుడిగా తీర్చబడేది తన పనుల వల్ల కాదు, క్రీస్తు మీద ఉంచిన విశ్వాసం వల్ల అనే మాట కోసం. ఆ మాటను నమ్మేవాళ్లుంటారు, నమ్మనివాళ్లుంటారు. ఆ పంచాయితీ తేల్చే పని నేను పెట్టుకోలేదు. పౌలు ఆ మాటను ఎలా కట్టాడో, దేన్ని ముందు పెట్టి దేన్ని దాచి ఉంచాడో, దాచినదాన్ని ఎప్పుడు బయటికి తీశాడో చూడాలని నా ఉబలాటం. మొదటి అధ్యాయం పద్దెనిమిదో వచనం నుంచి నాలుగో అధ్యాయం చివరిదాకా ఉన్న భాగం వాదించడమనే విద్యలో ఎవరైనా కూర్చుని నేర్చుకోదగ్గ పనితనం.

క్రీ.శ. 57 ప్రాంతంలో కొరింథులో ఈ ఉత్తరం తయారైంది. పౌలు గాయియు అనే ఆయన ఇంట్లో ఉంటూ చెబుతుంటే తెర్తియు అనే లేఖకుడు రాశాడు. ఊరికే రాసి ఊరుకోలేదు, చివరి అధ్యాయంలో తన పేరు చెప్పుకుని ఒక వందనం కూడా ఇరికించాడు. రెండు వేల ఏళ్ల తర్వాత కూడా ఆ ఒక్క వాక్యం వల్ల ఆయన మనకు తెలుసు. ఉత్తరాన్ని రోముకు తీసుకెళ్లింది ఫీబే అనే స్త్రీ అని పండితుల్లో ఎక్కువమంది అంటారు. ఆమెది కెంక్రేయ, కొరింథుకు తూర్పున ఉన్న ఓడరేవు.

తెలుగు అచ్చు బైబిలు కథలోనూ ఒక ఓడరేవు ఊరుంది, విశాఖపట్నం. బెంజమిన్ షుల్జ్ అనే లూథరన్ పాదిరి 1720లలోనే మద్రాసులో కూర్చుని కొత్త నిబంధనను తెలుగు చేశాడు గానీ అది రాతప్రతిగానే మిగిలిపోయింది. ఆయన తెలుగు చేసిన లూథర్ చిన్న ప్రశ్నోత్తరి మాత్రం 1746లో జర్మనీలోని హాలేలో అచ్చయింది. తెలుగు అచ్చు పుస్తకాల చరిత్ర అక్కడినుంచే లెక్క. ఆ తర్వాత 1805లో లండన్ మిషనరీ సొసైటీ తరఫున జార్జ్ క్రాన్, ఆగస్టస్ డేగ్రాంజెస్ విశాఖపట్నంలో దిగారు. 1809లో క్రాన్, 1810లో డేగ్రాంజెస్ పోయారు. ఆనందరాయరు అనే బ్రాహ్మణ పండితుడి సాయంతో డేగ్రాంజెస్ చేసిన మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. రోమా పత్రిక కోసం తెలుగు పాఠకుడు ఇంకొన్నేళ్లు ఆగాల్సి వచ్చింది. విశాఖలో ఆ పని అందుకున్న ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన 1818లో మద్రాసు నుంచి వచ్చింది. 1840లో విశాఖ చేరిన జాన్ హే, ఆయన తోటి వార్డ్‌లా ఆ పాఠాన్ని దశాబ్దాలపాటు సానబట్టారు.

ఇవాళ విశాఖలోని మద్దిలపాలెంలో ఆర్టీసీ డిపో వెనక సందుల్లోనో, కృష్ణా కాలేజీ దాటాక మేడమీద రేకుల షెడ్డు కింద నడిచే ప్రార్థనా మందిరంలోనో ఆదివారం వినిపించే తెలుగు రోమా పత్రిక వెనక ఈ వరస అంతా ఉంది. వినేవాళ్లు కూడా చూడదగ్గ గుంపే. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి గదుల్లో ఉండి చదువుకునే పిల్లలు, డిపోలో పనిచేసేవాళ్లు, అప్పుడప్పుడూ విశ్వవిద్యాలయం లా కాలేజీ విద్యార్థి ఒకరిద్దరు. ఈ ఉత్తరం నడిచేది కోర్టు భాషలో కాబట్టి లా విద్యార్థులు వింటే నాకు సరదా. ఎక్కడ కనుబొమ్మలు పైకి లేస్తాయో చూడొచ్చు.

వాదం ఉచ్చుతో మొదలవుతుంది. మొదటి అధ్యాయం రెండో సగంలో పౌలు అన్యజనుల తప్పుల చిట్టా విప్పుతాడు. విగ్రహాలు, కామం, లోభం, హత్య, కపటం, అన్నీ ‘వారు’ చేసినవే. వినేవాడు ధర్మశాస్త్రం చదువుకున్న యూదుడైనా, నీతులు చెప్పే గ్రీకు పెద్దమనిషైనా అవునవునని తలూపుతాడు. ఆ చిట్టాను నెమ్మదిగా చదివితే హత్యకు కాస్త అవతలే కొండేలు చెప్పడం, బింకాలు పోవడం, తల్లిదండ్రుల మాట వినకపోవడం ఉన్నాయి. మొదటిసారి వింటుంటే జోరులో ఇవి కొట్టుకుపోతాయి. ఎవరూ హత్య చేయని ఇల్లు దొరుకుతుంది గానీ ఎవరూ కొండేలు చెప్పని ఇల్లు దొరకదని పౌలుకు తెలుసు. ఊ కొట్టేవాణ్ణి లోపలికి లాగే కొక్కేలు అవే.

రెండో అధ్యాయం మొదటి వాక్యంలో సర్వనామం మారిపోతుంది. ‘వారు’ పోయి ‘నీవు’ వస్తుంది, అదీ ఏకవచనం. ఇతరులకు తీర్పు చెప్పే నువ్వు ఎవరివైనా సరే, నీ దగ్గరా జవాబు లేదంటాడు. నాతాను ప్రవక్త దావీదుకు పేదవాడి గొర్రెపిల్ల కథ చెప్పి, రాజు మండిపడి తీర్పు చెప్పాక వేలు రాజు వైపే తిప్పాడు. ఎత్తు అదే. కాకపోతే నాతానుకు కథ కావాల్సి వచ్చింది, పౌలు జాబితాతోనే పని కానిచ్చాడు. ఇంకో సంగతి, రెండో అధ్యాయంలో ఆయన దులిపేది ప్రధానంగా సొంత జనాన్నే. తాను బెన్యామీను గోత్రానికి చెందిన ఇశ్రాయేలీయుణ్ణని పదకొండో అధ్యాయంలో చెప్పుకుంటాడు. ధర్మశాస్త్రం చేతిలో ఉండటం వేరు, దాని ప్రకారం నడవడం వేరు అని ఇంటివాడిలాగే గద్దిస్తాడు.

ఇక్కడ ఒక అతుకు సరిగ్గా కూర్చోలేదని ఒప్పుకోవాలి. రెండో అధ్యాయం పదమూడో వచనంలో ధర్మశాస్త్రం ప్రకారం నడిచేవాళ్లే నీతిమంతులుగా ఎంచబడతారంటాడు. మూడో అధ్యాయం ఇరవయ్యో వచనానికి వచ్చేసరికి ధర్మశాస్త్ర క్రియల వల్ల ఏ మనిషీ అలా తీర్చబడడంటాడు. మొదటిది నియమం, రెండోది ఆ నియమాన్ని నెరవేర్చినవాడు ఒక్కడూ దొరకలేదన్న సంగతి అని కొందరు సర్దిచెబుతారు. మొదటి మాట క్రీస్తును నమ్మిన అన్యజనుల గురించి అని మరికొందరు. నాకు మొదటి సమాధానమే సబబుగా తోస్తుంది. అయినా అంత పనిమంతుడు ఆ అతుకు మీద ఇంకో పోటు ఉలి వేసి ఉండాల్సింది.

మూడో అధ్యాయం పదో వచనం నుంచి పద్దెనిమిది దాకా ఉన్న చిన్న భాగం అంటే నాకు మరీ ఇష్టం. పైకి పాత నిబంధన నుంచి ఏరిన వాక్యాల పోగు. 14వ కీర్తన, 5వది, 140వది, 10వది, ఆపైన యెషయా 59వ అధ్యాయం, చివర 36వ కీర్తన. నీతిమంతుడు ఒక్కడూ లేడన్నదానికి సాక్ష్యాలు. బోధకులు సాధారణంగా గబగబా చదివేసి ముందుకు పోతారు. ఆగి వరస చూడండి. మొదట గొంతు, తర్వాత నాలుక, తర్వాత పెదవులు, తర్వాత నోరు. చెడ్డ మాట లోపల పుట్టి బయటపడే దారి అది. ఆపైన రక్తం చిందించడానికి పరుగెత్తే పాదాలు, మాట చేతగా మారిందన్నమాట. చివరికి దేవుడి భయం లేని కళ్లు. వేరువేరు కాలాల్లో వేరువేరు చేతులు రాసిన ముక్కల్ని ఒక శరీరంగా పేర్చాడు.

పేర్చి ఊరుకోలేదు. ఆ వెంటనే వచ్చే వచనంలో ప్రతి నోరూ మూతపడాలంటాడు. గొంతు, నాలుక, పెదవులు, నోరు అని నాలుగు మెట్లు ఎక్కించి తలుపు వేసేశాడు! ప్రతివాది దగ్గర చెప్పుకోవడానికి ఏమీ మిగలని కోర్టు హాలు అది. ఈ అల్లిక ఎంత బాగా కుదిరిందంటే, గ్రీకు పాత నిబంధనను నకలు చేసిన తర్వాతి లేఖకులు కొందరు పౌలు పేర్చిన ఈ వరసంతా 14వ కీర్తనలోదే అనుకుని దాన్ని తీసుకెళ్లి ఆ కీర్తనలోనే చేర్చేశారు. కూర్పు మూలంలోకే ఎక్కిపోయింది. పనివాడికి ఇంతకన్నా పెద్ద కితాబు ఏముంటుంది?

నోళ్లు మూతపడ్డాక శిక్ష వినిపించాలి. వినేవాళ్లంతా దానికే సిద్ధమై ఉంటారు. అప్పుడు ఇరవయ్యొకటో వచనం ‘ఇట్లుండగా’ అని మొదలై తీర్పును తిప్పేస్తుంది. ధర్మశాస్త్రంతో నిమిత్తం లేకుండా దేవుడి నీతి బయటపడిందనీ, నమ్మేవాళ్లందరికీ అది వర్తిస్తుందనీ అంటాడు. గ్రీకులో 21 నుంచి 26 దాకా ఊపిరి తీసుకోనివ్వని బిగింపు. ఆ కాసిని వాక్యాల్లో మనల్ని మూడు చోట్లకు తిప్పుతాడు. నీతిమంతులుగా తీర్చబడటం కోర్టులో మాట. విమోచన బానిసల సంతలో మాట, వెల కట్టి విడిపించడం. కరుణాధారం గుడిలో మాట. ఆ మాట వెనక ఉన్నది మందసం మీది మూత, దాని దగ్గర ప్రధాన యాజకుడు ఏడాదికి ఒక్కరోజు రక్తం ప్రోక్షించేవాడని లేవీయకాండం పదహారో అధ్యాయం చెబుతుంది. ఒక్కో చోటు మీద గంట ప్రసంగం చేయొచ్చు, చేస్తున్నారు కూడా. పౌలు మాత్రం ఎక్కడా కూర్చోడు.

తెలుగు అనువాదకులు ఇక్కడ పడ్డ కష్టం వేరే. గ్రీకు వాక్యం కరుణాధారంగా ఉంచడంతో మొదలై కారణాలను వెనక వేలాడదీస్తుంది. తెలుగులో క్రియ చివర రావాలి. అందుకే పాత తెలుగు పాఠం 25వ వచనాన్ని తిరగేసింది. వెనకటి పాపాలను దేవుడు ఓర్పుతో చూసీచూడనట్టు వదిలాడన్న కారణాన్ని ముందుకు తెచ్చి, దేవుడు చేసిన పనిని వాక్యం కొసన పెట్టింది. అలా చేయడం వల్ల గ్రీకులో లేని ఒక ఎదురుచూపు తెలుగులో వచ్చిచేరింది. మూలంలోని ఊపు కొంత పోయింది, దాని బదులు తెలుగు వాక్యానికి సహజమైన బరువు దక్కింది. నష్టపోయిన బేరం అనను.

లా విద్యార్థి కనుబొమ్మలు లేవాల్సింది ఇక్కడే. దోషిని నిర్దోషి అని విడిచిపెట్టే న్యాయాధిపతిని సామెతల గ్రంథం పదిహేడో అధ్యాయం అసహ్యించుకుంటుంది. దుష్టుణ్ణి నిర్దోషిగా ఎంచనని నిర్గమకాండం 23లో దేవుడే అంటాడు. ఇవి పౌలుకు కంఠతా వచ్చిన గ్రంథాలు. అయినా నాలుగో అధ్యాయం అయిదో వచనంలో దేవుణ్ణి భక్తిహీనుణ్ణి నీతిమంతుడిగా తీర్చేవాడు అంటాడు. తెలిసి తెలిసి అంత సాహసం! అందుకే మూడో అధ్యాయం 26వ వచనంలో రెండు ముక్కల్ని ఒకే చోట బిగించి ఉంచాడు: దేవుడు తాను నీతిమంతుడిగా ఉండాలి, విశ్వాసం గలవాణ్ణి నీతిమంతుడిగా తీర్చేవాడిగానూ ఉండాలి. క్రీస్తు రక్తం దగ్గర ఆ రెండూ కలిశాయన్నది ఆయన జవాబు. దాన్ని ఒప్పుకోవడం మానడం వినేవాడి ఇష్టం. తన వాదానికి అన్నిటికన్నా ప్రమాదమైన ఆక్షేపణను పక్కకు నెట్టకుండా నట్టనడుమ నిలబెట్టుకున్నాడు, అది చూడాలి.

నాలుగో అధ్యాయంలో కోర్టు పోయి లెక్కల పుస్తకం వస్తుంది. ఎంచడం, అంటే ఖాతాలో రాయడం అనే గ్రీకు క్రియ ఆ ఒక్క అధ్యాయంలో 11 సార్లు ఉంది. పనిచేసినవాడికి ఇచ్చే జీతం దానం కింద లెక్కకు రాదు, అది బాకీ, ఇచ్చి తీరాలి అంటాడు పౌలు. మన విశాఖలో ఈ మాట వినే తీరు వేరు. 1966లో ఉక్కు కర్మాగారం కోసం ఉద్యమించి ‘విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు’ అని అరిచిన ఊరు ఇది. రెక్కల కష్టానికి జీతం హక్కు అని ఇక్కడ ఎవరికీ పాఠం చెప్పక్కర్లేదు. కొందరు బోధకులు ఈ వచనాన్ని పట్టుకుని హక్కుల మాటే అహంకారమన్నట్టు మాట్లాడతారు. పౌలు అలా అనలేదు. కూలి బాకీయే అని ముందు గట్టిగా ఒప్పుకుంటేనే ఆయన వాదం నిలుస్తుంది. జీతం నిజంగా హక్కు కాబట్టే, దేవుడి ముందు దక్కే నీతి జీతం కాజాలదు అన్న తర్వాతి మాటకు పదును వస్తుంది. మొదటిది పలచబడితే రెండోదీ పలచబడుతుంది.

ఇంతదాకా దాచి ఉంచిన పనిముట్టును ఇప్పుడు బయటికి తీస్తాడు. అదొక తేదీ.

అబ్రాహాము నమ్మాడు, అది అతనికి నీతిగా ఎంచబడింది అన్న మాట ఆదికాండం 15వ అధ్యాయంలో ఉంది. పౌలు దాన్ని ఎత్తి చూపి, దావీదు 32వ కీర్తనను తోడు సాక్షిగా నిలబెట్టి, అమాయకంగా ఒక ప్రశ్న వేస్తాడు: ఇది జరిగినప్పుడు అబ్రాహాముకు సున్నతి అయిందా, కాలేదా? జవాబు కోసం పేజీలు తిప్పితే చాలు. సున్నతి 17వ అధ్యాయంలో. అప్పటికి అబ్రాహాముకు 99 ఏళ్లు. మధ్యలో, 16వ అధ్యాయంలో ఇష్మాయేలు పుట్టేనాటికి 86. అంటే నీతిగా ఎంచబడటానికీ ఆ గుర్తు ఒంటిమీద పడటానికీ నడుమ కనీసం 13 ఏళ్లున్నాయి. ఆ 13 ఏళ్లూ యూదుల మూలపురుషుడు సున్నతి లేనివాడిగానే నీతిమంతుడు. కాబట్టి సున్నతి లేని అన్యజనులకూ అతనే తండ్రి. ఎదుటివాడు ప్రాణంగా చూసుకునే గ్రంథాన్నే తెరిచి, అందులో ఎప్పటినుంచో అందరికీ కనిపిస్తున్న వరసను చూపించాడు. కొత్త సాక్ష్యం ఒక్కటీ తేలేదు. గలతీ పత్రికలోనూ ఇలాంటి పనే చేశాడు: ధర్మశాస్త్రం వాగ్దానం తర్వాత 430 ఏళ్లకు వచ్చింది కాబట్టి వాగ్దానాన్ని కొట్టివేయలేదని. కాలక్రమాన్ని వాదంగా మలచడంలో ఈయనది అందెవేసిన చెయ్యి.

మన శాస్త్రగ్రంథాల్లో పూర్వపక్షం లేవదీసి సిద్ధాంతం చెప్పే అలవాటు ఉన్నవాళ్లకు రోమా పత్రిక నడక తెలిసినట్టే ఉంటుంది. అడుగడుగునా ఎవరో అడ్డుతగులుతుంటారు. అలాగైతే దేవుడు అన్యాయస్థుడా? ధర్మశాస్త్రాన్ని కొట్టిపారేస్తున్నామా? కృప ఎక్కువవ్వాలని పాపం చేస్తూ పోదామా? జవాబుగా తెలుగు పాఠంలో ‘అట్లనరాదు’ అని ఠక్కున పడే మాట, గ్రీకులో ఈ ఒక్క పత్రికలోనే పదిసార్లుంది. ఈ అడ్డుతగిలేవాడు ఊహాజనితుడే అయినా ఆక్షేపణ మాత్రం కల్పన కాదు. మేలు జరగడానికి కీడు చేయమంటున్నాడని కొందరు తన మీద నింద వేస్తున్నారని మూడో అధ్యాయం ఎనిమిదో వచనంలో పౌలే చెప్పుకున్నాడు. నిజమైన సంఘాల్లో నిజమైన మనుషులు అడిగిన ప్రశ్నలే ఇవి. మద్దిలపాలెంలో ఇప్పటికీ ఎవరో ఒక కుర్రాడు అడుగుతూనే ఉంటాడు: నమ్మితే చాలంటే ఇక మంచిగా ఉండటమెందుకండీ?

ఆ ప్రశ్నకు కొత్త నిబంధనలోనే ఇంకో గొంతు ఉంది. యాకోబు పత్రిక రెండో అధ్యాయం అదే అబ్రాహామును, అదే ఆదికాండం 15వ అధ్యాయం వాక్యాన్ని తీసుకుని, ఇస్సాకును బలిపీఠం మీద పెట్టిన 22వ అధ్యాయం దగ్గరికి నడిపించి, మనిషి విశ్వాసంతో మాత్రమే కాదు, క్రియల వల్ల కూడా నీతిమంతుడని తేలుస్తుంది. లూథర్‌కు ఇది మింగుడు పడలేదు. 1522 నాటి తన జర్మను కొత్త నిబంధనలో రోమా 3:28కి ‘మాత్రమే’ అన్న మాట చేర్చాడు, యాకోబు పత్రికను గడ్డిపరకల పత్రిక అన్నాడు. నాకైతే ఆ రెండు పత్రికలూ ఒకే జిల్దులో ఉండటమే బాగుంది. ఒకాయన 15 నుంచి 17కు లెక్కవేశాడు, ఇంకొకాయన 15 నుంచి 22కు.

సింహాచలం కొండ నీడలో ఉన్న ఊరికి ఈ గొడవ పూర్తిగా పరాయిది కాదు. భగవంతుడి దయ కోతిపిల్ల తల్లిని కరుచుకున్నట్టు మనం పట్టుకుంటే దక్కేదా, తల్లిపిల్లి కూనను నోట కరుచుకుపోయినట్టు ఆయనే ఎత్తుకుపోయేదా అని శ్రీవైష్ణవంలో వడగలై, తెంగలై శాఖలు శతాబ్దాలుగా తర్కించుకున్నాయి. విశ్వాసం అనేది మనిషి చాచే చెయ్యా, అదీ దేవుడిచ్చేదేనా అని క్రైస్తవులూ చీలిపోయారు. పోలిక అక్కడితో ఆపాలి. పౌలు చెప్పే చోట న్యాయాధిపతి ఉన్నాడు, అభియోగం ఉంది.

ఐరోపాలో ఈ నాలుగు అధ్యాయాల మీద సంఘమే రెండుగా విరిగింది. 1547లో క్యాథలిక్కుల ట్రెంట్ మహాసభ, నీతి మనిషి లోపలికి నిజంగా వచ్చి అతన్ని మారుస్తుందని శాసనం చేసింది. దేవుడు నీతిమంతుడని ప్రకటించడమే మూలమని లూథరన్లు నిలబడ్డారు. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో రెండు పక్షాలూ ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టాయి. 2006లో మెథడిస్టులు, 2017లో సంస్కరణ సంఘాలు చేరాయి. విశాఖలో క్యాథలిక్ అగ్రపీఠం, గుంటూరు కేంద్రంగా ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఉన్న రాష్ట్రంలో ఈ సంగతి ఎంతమంది చెవిన పడిందో మరి. ప్రసంగాల్లో నేను వినలేదు.

తెలుగువాళ్లకు ఈ నాలుగో అధ్యాయాన్ని ముందుగా నోటికి అందించింది కీర్తనకారులే. 1803లో పుట్టి 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి వాళ్లలో పెద్ద. ఆయన ‘త్రాహిమాం క్రీస్తు నాథ’ కీర్తన పల్లవిలోనే త్రాహి, దేహి అని రెండు సంస్కృత క్రియలు పడతాయి. కాపాడు, ఇవ్వు. రెండూ అడుక్కునే క్రియలే, సంపాదించుకునేవి కావు. జీతానికీ దానానికీ మధ్య పౌలు గీసిన గీత, వాదమేదీ లేకుండా, శరణాగతి పదాల పాత పరిచయం మీదుగా పాటలోకి దిగిపోయింది. వాదాన్ని పల్లవిగా మార్చడం వేరే రకం పనితనం, దానికి వేరే వ్యాసం కావాలి.

ఈ భాగాన్ని చదవాలనుకునేవాళ్లకు ఒక్క సూచన. అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దంలో వచ్చింది, వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్టియెన్ వేశాడు. పౌలు వాటిని ఎరగడు. అధ్యాయాలు విడగొట్టిన పుణ్యాత్ముడు సరిగ్గా ఉచ్చు బిగుసుకునే చోటే, ‘వారు’ కాస్తా ‘నీవు’ అయ్యే చోటే, రెండో అధ్యాయం అంకె వేసి పాఠకుడికి తప్పించుకునే సందు ఇచ్చాడు. మనవాళ్లు అక్కడ పుస్తకం మూసి, వచ్చే ఆదివారం అంకె దగ్గర మొదలుపెడతారు. అది చెవుల కోసం తయారైన ఉత్తరం. కాబట్టి పైకి చదవండి, పక్కన ఒకరు వింటూ ఉంటే మరీ మంచిది. మొదటి అధ్యాయం చివర మాత్రం ఆగకండి.